సిమెంట్ బస్తా మీద చుక్క, మిరప తోటలో తుంపర: ఛార్జ్ ఎక్కిన బొట్టు కథ

ఈ ఎపిసోడ్ మన కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం నుంచి. ఇప్పుడు కాగితం మీద ఎన్టీఆర్ జిల్లా అయింది అనుకోండి, కానీ నందిగామ, జగ్గయ్యపేట వాళ్లం ఇంకా కృష్ణా జిల్లా అనే అంటాం కదా. అలవాటు అంత త్వరగా పోదు.

ముందు ఒక చిన్న పని. మీ ఇంటి దగ్గర ఎక్కడన్నా ఇల్లు కడుతుంటే, అక్కడి సిమెంట్ బస్తాని ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేయండి. కంపెనీ పేరు, బొమ్మ ముందే అచ్చేసి ఉంటాయి. ఆ సిమెంట్‌ని ఏ ఏడాది, ఎన్నో వారంలో బస్తాకెత్తారు అనేది మాత్రం చాలాసార్లు వేరేగా, చుక్కలు చుక్కలుగా రాసి ఉంటుంది. వాటర్ బాటిల్ మీద, పాల ప్యాకెట్ మీద తేదీ చూడండి, అక్కడా అవే చుక్కలు. అలా చుక్కలతో రాసే మెషిన్లలో ఎక్కువగా వాడేదాన్ని ఇంక్‌జెట్ అంటారు. అందులో ఏ అచ్చూ బస్తాని తాకదు. గాల్లో ఎగురుతూ వచ్చిన ఇంకు బొట్లకి కరెంటు ఛార్జ్ ఎక్కించి, ఒక్కొక్క బొట్టునీ "నువ్వు ఇక్కడ పడు" అని పంపిస్తారు.

ఇప్పుడు జగ్గయ్యపేట నుంచి నందిగామ వైపు హైవే మీద రండి. రెండు పక్కలా నల్లరేగడి, పత్తి చేలు, మిరప తోటలు. ఒకాయన వీపు మీద 16 లీటర్ల ట్యాంకు వేసుకుని మందు కొడుతుంటాడు. ఆయన నాజిల్ నుంచి కూడా బొట్లే వస్తాయి. అవి ఎక్కడ పడతాయో ఆయనకే తెలీదు. కొన్ని ఆకు మీద, కొన్ని నేల మీద, కొన్ని పక్క చేలో, కొన్ని ఆయన చొక్కా మీద, ముఖం మీద.

రెండూ బొట్లే. ఒక బొట్టు చెప్పిన చోట పడుతోంది, ఇంకో బొట్టు గాలి ఎటు తోలితే అటు పోతోంది. ఎందుకిలా? ఈ ఎపిసోడ్ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. జవాబు కోసం 400 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

అంబరు ముక్క, నీటి బొట్టు

1600వ సంవత్సరం. ఇంగ్లండ్‌లో విలియం గిల్బర్ట్ అని ఒక డాక్టరు. ఎలిజబెత్ రాణికి వైద్యం చేసిన ఆయనే. ఆ ఏడాది ఆయన అయస్కాంతాల మీద ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో ఒక చిన్న ప్రయోగం ఉంది. అంబరు అనే, చెట్టు జిగురు గట్టిపడిన ముక్కని గుడ్డతో రుద్ది, పొడి నేల మీదున్న గుండ్రటి నీటి బొట్టు దగ్గరికి తెచ్చాడు. బొట్టు గుండ్రంగా ఉండడం మానేసి, అంబరు వైపు మొన తేలి శంకువులా లేచింది.

మనం కూడా ఇలాంటిది చిన్నప్పుడు చేశాం. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుని, సన్నగా కారే పంపు ధార దగ్గర పెడితే ధార వంగుతుంది. అదీ ఇదీ ఒకటే సూత్రం. ఛార్జ్ నీటిని లాగగలదు.

ఆ తర్వాత 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో నొలె అనే మత గురువు ఇంకో సంగతి చూశాడు. సన్నటి గొట్టం నుంచి బొట్టు బొట్టుగా కారే నీటికి ఛార్జ్ ఎక్కిస్తే, అది సన్నటి ధారలుగా చిమ్ముతోంది. అంటే ఛార్జ్ నీటిని లాగడమే కాదు, చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టగలదు కూడా.

1867లో కెల్విన్ దీన్నే తిరగేసి చూపించాడు. రెండు గొట్టాల నుంచి నీళ్లు బొట్లుగా పడుతుంటాయి. వాటి చుట్టూ రెండు రింగులు, కింద రెండు డబ్బాలు. ఒక పక్క రింగుని రెండో పక్క డబ్బాకి, రెండో పక్క రింగుని మొదటి డబ్బాకి వైరుతో కలిపాడు. ఇంకేమీ లేదు, బ్యాటరీ కూడా లేదు. కాసేపటికి డబ్బాల మధ్య నిప్పురవ్వ! రింగు మధ్యలో నుంచి బొట్టు తెగి పడే ఆ క్షణంలో దానికి ఛార్జ్ అంటుకుంటుంది. ఈ రింగుని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1882: ఒకే ఏడాది, రెండు సంగతులు

1882లో జేమ్స్ బర్గెస్ అనే పురావస్తు అధికారి మన జగ్గయ్యపేటకి వచ్చాడు. ఊరి పక్క ధనంబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన పలకల్లో ఒకటి ఈ రోజుకీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. మాంధాత చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు, పైన మేఘాల్లోంచి నాణేలు చినుకుల్లా కురుస్తుంటాయి. ఆ పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల కింద మన ఊరి దగ్గర ఒక శిల్పి చెక్కిన ఊహ అది: చెయ్యి ఎత్తితే వాన, అనుకున్న చోట, అనుకున్నప్పుడు.

అదే 1882లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఏడాది మాత్రం కలిసింది. రేలీ అడిగిన ప్రశ్న ఇది: ఒక బొట్టుకి ఛార్జ్ ఎక్కిస్తూ పోతే ఏమవుతుంది?

చాలా తేలిగ్గా చెప్తాను. బొట్టుని గుండ్రంగా పట్టుకుని ఉంచేది దాని తలతన్యత. బొట్టు చుట్టూ బిగుతుగా ఉన్న చర్మం లాంటిది అనుకోండి. ఛార్జ్ ఎక్కిస్తే లోపలున్న ఒకే రకం ఛార్జ్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చర్మం లోపలికి బిగిస్తుంటుంది, ఛార్జ్ బయటికి నెడుతుంటుంది. ఎంతవరకు? దానికి రేలీ ఒక లెక్క కట్టాడు. ఆ హద్దు దాటితే బొట్టు నిలవదు, సన్నటి ధారలు చిమ్ముకుంటూ చిన్న బొట్లుగా చీలిపోతుంది. దీన్నే రేలీ హద్దు అంటారు. ఈ ఎపిసోడ్‌లో ఇకపై వచ్చే, ఛార్జ్ బొట్లతో పనిచేసే మెషిన్ల వెనక ఈ హద్దు ఉంది.

1914 నుంచి 1917 మధ్య అమెరికాలో జాన్ జెలెనీ ఛార్జ్ ఎక్కిన ద్రవం గొట్టం మొన దగ్గర ఎలా చిమ్ముతుందో ఫోటోలు తీసి చూపించాడు. 1964లో కేంబ్రిడ్జ్‌లో జెఫ్రీ టేలర్ ఆ మొన దగ్గర తేలే శంకువుకి లెక్క కట్టాడు. గిల్బర్ట్ 1600లో కంటితో చూసిన శంకువే. దాని కోణం మధ్య గీత నుంచి 49.3 డిగ్రీలు అని తేలింది. చూడడానికీ లెక్క కట్టడానికీ మధ్య 364 ఏళ్లు!

ముందు ఫ్యాక్టరీకి ఎందుకు వెళ్లింది?

సైన్సు తెలిసింది. మరి పనికి పెట్టింది ఎవరు?

1907 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అనే కెమిస్ట్, గాల్లో తేలే యాసిడ్ తుంపరకి ఛార్జ్ ఎక్కించి ఇనప పలకల మీదికి లాగేసే పరికరం చేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే రివర్‌సైడ్ అనే ఊళ్లో గొడవ. అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీ దుమ్ము పక్కనున్న నారింజ తోటల మీద పడుతోంది. రైతులు కోర్టుకెక్కారు. ఫ్యాక్టరీ మూతపడే పరిస్థితి వచ్చేసరికి కాట్రెల్ పద్ధతిని అక్కడ పెట్టారు, దుమ్ముని ఛార్జ్‌తో పట్టేశారు. ఇవాళ ప్రపంచమంతా సిమెంట్ ఫ్యాక్టరీల్లో కనిపించే ఈఎస్‌పీ అనే పెద్ద పెట్టెల చరిత్ర ఇదే.

ఇటు జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంట్ ఫ్యాక్టరీలు, పక్కనే పంట చేలు ఉన్న మనకి ఈ కథ అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆ టెక్నాలజీ గొప్పది కాబట్టి తనంతట తాను ఫ్యాక్టరీకి నడిచి రాలేదు. రైతులు గట్టిగా అడిగారు, అప్పుడు వచ్చింది.

తర్వాత ఇంక్‌జెట్. 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ అనే ఇంజినీరు దీన్ని తయారు చేశాడు. సన్నటి ఇంకు ధారని సెకనుకి వేల వేలసార్లు వణికిస్తే అది ఒకే సైజు బొట్లుగా తెగుతుంది. తెగే చోట ఒక ఎలక్ట్రోడ్. కెల్విన్ రింగు గుర్తుందా? అదే సూత్రం! ఏ బొట్టుకి ఎంత ఛార్జ్ ఇవ్వాలో సర్క్యూట్ చెప్తుంది. తర్వాత ఎక్కువ వోల్టేజీ ఉన్న రెండు పలకల మధ్య నుంచి వెళ్లేటప్పుడు, ఛార్జ్‌ని బట్టి బొట్టు ఎక్కువో తక్కువో వంగుతుంది. అలా వంగి వంగి అంకెలు రాస్తుంది. అక్షరానికి అక్కర్లేని బొట్లు ఛార్జ్ లేకుండా తిన్నగా పోయి ఒక చిన్న గొట్టంలో పడతాయి. అక్కడి నుంచి మళ్లీ ట్యాంకులోకి.

ఈ చివరి మాట ఇంకోసారి వినండి. అక్కర్లేని ఇంకు బొట్టు తిరిగి ట్యాంకులోకి వెళ్తోంది. మన చేలో అక్కర్లేని మందు బొట్టు ఎక్కడికి వెళ్తోంది?

ఆకు అడుగున దాక్కున్న పురుగు

మిరప వేసిన ఇంట్లో పుట్టినవాళ్లకి పై ముడత, కింద ముడత అంటే చెప్పక్కర్లేదు. ఆకు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఇవీ, పత్తి మీద తెల్లదోమా ఎక్కువగా ఉండేది ఆకు అడుగునే. 2021లో మిరప మీద పడ్డ నల్ల తామర పురుగైతే పువ్వుల్లో దూరి కూర్చుంది. ఎన్ని ట్యాంకులు కొట్టినా తగ్గక, తోటలు పీకేసినవాళ్లు ఉన్నారు.

మనం మందు కొట్టేది పైనుంచి. పురుగు ఉండేది కింద. మరి అందకపోతే ఏం చేస్తాం? ఇంకో ట్యాంకు కొడతాం. అదీ తగ్గకపోతే రెండు మూడు మందులు కలిపి కొడతాం.

బొట్టు చిన్నది చేస్తే? లెక్క చూడండి. 400 మైక్రాన్ల బొట్టు ఒక్కటి ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ ఒక్క బొట్టునే 100 మైక్రాన్ల బొట్లు చేస్తే 64 వస్తాయి. 50 మైక్రాన్లవి చేస్తే 512. అదే మందు, 512 చోట్ల పడుతుంది. కానీ చిక్కేంటంటే, అంత చిన్న బొట్టుకి బరువుండదు. గాలికి కొట్టుకుపోతుంది, ఎండకి దారిలోనే ఆరిపోతుంది, కొట్టేవాడి ముక్కులోకి వెళ్తుంది.

ఇక్కడే ఛార్జ్ పనికొస్తుంది. ఛార్జ్ ఎక్కిన చిన్న బొట్టు మొక్క దగ్గరికి రాగానే, నేలతో కలిసి ఉన్న పచ్చి మొక్కలో దానికి వ్యతిరేక ఛార్జ్ పైకి చేరుతుంది. రెండూ లాక్కుంటాయి. బొట్టు ఆకు అంచు దాటి చుట్టు తిరిగి, అడుగు వైపు కూడా వెళ్లి అంటుకుంటుంది. పైగా అన్ని బొట్లకీ ఒకే రకం ఛార్జ్ కాబట్టి, ఒకదానితో ఒకటి కలిసి పెద్ద బొట్టు అయిపోవు, విడివిడిగా పరుచుకుంటాయి.

ఇది కల కాదు, చేసి చూపించారు. 1970ల్లో అమెరికాలో జార్జియా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ లా అనే ప్రొఫెసర్, గాలి తోడుతో ఛార్జ్ ఎక్కిన తుంపర ఇచ్చే నాజిల్ చేశాడు. 1979లో బ్రిటన్‌లో ఐసీఐ అనే కంపెనీలో పనిచేసే రోనాల్డ్ కాఫీ, ఎలక్ట్రోడిన్ అనే చేతి స్ప్రేయర్ గురించి ప్రకటించాడు. పంపు లేదు, మోటారు లేదు, టార్చిలైటు బ్యాటరీలతో నడుస్తుంది. లోపల సర్క్యూట్ ఆ చిన్న వోల్టేజీని ఇరవై వేల వోల్టులు దాటిస్తుంది. మందు నూనె సన్నటి దారాలుగా సాగి, ఇంచుమించు ఒకే సైజు బొట్లుగా విడిపోతుంది. హెక్టారుకి వందల లీటర్ల నీళ్లు మోసే చోట, లీటరుకి అటూ ఇటూ మందుతో పని అయిపోతుంది. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో పత్తి రైతులు దాన్ని వాడారు. పత్తి! మన పంటే.

మరి మన చేలోకి ఎందుకు రాలేదు?

మొదటి కారణం: ఆ స్ప్రేయర్‌లో మామూలు నీళ్ల మందు పనిచేయదు. కరెంటుని తగు మాత్రంగానే పారనిచ్చే ప్రత్యేకమైన నూనె మందు కావాలి. అది నాజిల్‌తో కలిపి సీల్ చేసిన సీసాలో వచ్చేది. రైతు చేతికి మందు తగలదు, అది మంచిదే. కానీ ఆ సీసా అమ్మేవాళ్ల దగ్గరే కొనాలి, వాళ్ల దగ్గరున్న మందే కొట్టాలి. ప్రింటర్ చవగ్గా ఇచ్చి కార్ట్రిడ్జ్ దగ్గర పట్టుకున్నట్టు అన్నమాట. చివరికి ఎలక్ట్రోడిన్ మార్కెట్లో నిలబడలేదు.

రెండో కారణం ఫిజిక్స్. ఛార్జ్ ఎక్కిన బొట్టు దగ్గరలో ఏది ఉంటే దానికి అంటుకుంటుంది. గుబురుగా పెరిగిన పత్తి చేలో బయటి ఆకులకే అంటుకుని, లోపలి ఆకులకి చేరకపోవచ్చు. అందుకే లా గాలి తోడు పెట్టాడు. ఇంకోటి, కొట్టే మనిషికి, పరికరానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే బొట్లు వెనక్కి తిరిగి ఆయన మీదికే రాగలవు.

మూడోది మన దుమ్ము, మన తేమ. వేల వోల్టుల పరికరం మీద మందు, మట్టి పేరుకుంటే ఛార్జ్ లీక్ అవుతుంది. రోజూ తుడవాలి. చెడిపోతే బాగు చేసేవాడు ఊళ్లో ఉండాలి.

ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ ఇంకు మెషిన్‌కి కష్టాలు లేవా? దానికీ నాజిల్ మూసుకుపోతుంది, దానికీ సిమెంట్ దుమ్ము ఎక్కుతుంది. అయినా నడుస్తోంది. ఎందుకంటే బస్తా మీద తేదీ తప్పైతే కంపెనీకి నష్టం, అందుకని అది చూసుకోవడానికి మనిషిని పెడుతుంది. చేలో బొట్టు తప్పితే నష్టం రైతుది, కూలికి మందు కొట్టే మనిషిది. ఆ లెక్క ఎవరి పుస్తకంలోనూ రాసి ఉండదు.

ల్యాబ్‌లో మళ్లీ అదే బొట్టు

ఇప్పుడు అసలు వింత చెప్తాను. 2002లో జాన్ ఫెన్ అనే 85 ఏళ్ల అమెరికన్‌కి కెమిస్ట్రీలో నోబెల్ బహుమతి వాటాగా వచ్చింది. దేనికి? ఎలక్ట్రోస్ప్రే! ద్రవాన్ని సన్నటి సూదిలోంచి పంపి, వేల వోల్టులు ఇస్తే టేలర్ శంకువు తేలుతుంది, ఛార్జ్ ఎక్కిన బొట్లు చిమ్ముతాయి. బొట్టు ఆరుతూ చిన్నదైనకొద్దీ ఛార్జ్ ఇరుకవుతుంది, రేలీ హద్దు దాటి చీలుతుంది, మళ్లీ ఆరుతుంది, మళ్లీ చీలుతుంది. చివరికి ఛార్జ్ ఉన్న అణువులు మిగులుతాయి, వాటిని తూకం వేస్తారు. ఫెన్ దీనితో ప్రోటీన్ల లాంటి పెద్ద అణువుల్ని తూచాడు.

ఇవాళ మిరపకాయల్లో పురుగుమందు అవశేషాలు చూసే ల్యాబుల్లో వాడే ముఖ్యమైన పద్ధతుల్లో ఇదొకటి. ఐరోపాలో ప్రత్యేకంగా హద్దు పెట్టని మందుకి మామూలు హద్దు కిలోకి 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల్లో 1 గ్రాము. అంత తక్కువైనా ఈ బొట్టు పట్టేస్తుంది.

అంటే చూడండి. మన మిరపకాయలో మందు ఎక్కువైందని పట్టుకోవడానికి ఛార్జ్ ఎక్కిన బొట్టు ఉంది. ఆ మిరప తోటలో మందు తక్కువ పడేలా చేయడానికి మాత్రం అది ఇంకా రాలేదు. తప్పు పట్టే మెషిన్ ముందొచ్చింది, తప్పు జరక్కుండా చూసే మెషిన్ దారిలోనే ఉంది.

మన దేశంలో పని జరగడం లేదా అంటే, జరుగుతోంది. చండీగఢ్‌లోని సీఎస్ఐఓ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఛార్జ్ స్ప్రేయర్ తయారు చేసింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే టెక్నాలజీని గదులు, వస్తువులు శానిటైజ్ చేయడానికి వాడారు.

రేపు మీ ఊరికి ఎవరో ఒకరు ఎలక్ట్రోస్టాటిక్ స్ప్రేయర్ అని బ్రోచర్ పట్టుకుని వస్తారు. ఇంట్లో ఫోన్ చూసి చెప్పేది మీరే కాబట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. మేం వాడే నీళ్ల మందుతో పనిచేస్తుందా? గాలి తోడు ఉందా? ఎర్త్ ఎలా ఇచ్చారు? చెడితే ఎవరు బాగు చేస్తారు? తర్వాత ఒక పరీక్ష. నీటి బొట్టు పడితే నీలం రంగుకి మారే పసుపు కాగితం దొరుకుతుంది. దాన్ని ఆకు పైన ఒకటి, అడుగున ఒకటి క్లిప్పు పెట్టి, ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి కొట్టమనండి. అడుగు కాగితం మీద నీలం చుక్కలు కనపడితే మాట నిజం. కనపడకపోతే బ్రోచర్ వెనక్కిచ్చేయండి. డ్రోన్‌తో కొట్టించేటప్పుడూ ఇదే పరీక్ష చేయొచ్చు. జగ్గయ్యపేట మండలం గరికపాడులో మన కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పదిమంది కలిసి వెళ్లి, ఇలాంటి డెమో ఒకటి పెట్టించండి అని అడగడంలో తప్పు లేదు.

ఒక్క మాట. ఛార్జ్ ఉన్నా లేకపోయినా మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా మానొద్దు. గాలికి ఎదురుగా నిలబడి కొట్టొద్దు. ఈ మాట మీ నాన్నకి, బాబాయికి చెప్తే "మాకు తెలీదేంట్రా" అంటారు. అన్నా సరే చెప్పండి.

ధనంబోడు పలక మీద చక్రవర్తి చెయ్యెత్తితే కావలసిన చోట వాన కురిసింది. ఆ విద్య ఇప్పుడు నిజంగానే మనుషుల చేతిలో ఉంది. సిమెంట్ బస్తా దాకా వచ్చింది. అక్కడి నుంచి మిరప తోట దాకా దూరం పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. రివర్‌సైడ్‌లో ఆ దూరాన్ని దాటించింది అడిగిన రైతులే.

మీ ఇంట్లో మందు ఎలా కొడతారు, చేతి పంపా, తైవాన్ స్ప్రేయరా, డ్రోనా? కామెంట్లో రాయండి. పసుపు కాగితం పరీక్ష చేస్తే రెండు కాగితాల ఫోటో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో అందరం కలిసి చూద్దాం.